బావి ఎవరిదో కూడా అడగండి: తెలుగు పాఠ్యపుస్తకాల కమిటీలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల్లో తెలుగు వాచకాలు, ఉపవాచకాలు తయారుచేసే సంపాదకులకు, రచయితలకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. మీరు ఏరి కూర్చిన పాఠాన్ని చివరికి పిల్లల ముందు నిలబడి చదివేది మాలాంటివాళ్ళం. కులం గురించిన కథ చెప్పే పీరియడ్‌లో తరగతి గదిలో ఏం జరుగుతుందో మీకు తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. రేపు మీరు కొత్త పుస్తకానికి కథలు ఎంచేటప్పుడు, ఆ కథల కింద ప్రశ్నలు రాసేటప్పుడు ఆ గది మీ కళ్ళముందు ఉండాలని నా కోరిక.

మన వాచకాల్లో ఈ విషయం అసలు లేదని నేను అనడం లేదు. జాషువా గారి పద్యాలు కంఠతా పట్టి పెరిగినదాన్ని. బోయి భీమన్న గారు వాచకాల్లోకి వచ్చారు. తెలంగాణలో పదో తరగతి పిల్లలు దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ జీవితాన్ని పాఠంగా చదువుకున్నారు. వీటిని పుస్తకంలోకి తెచ్చినవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. నా బాధ పాఠాల లెక్క గురించి కాదు. కులం గురించి కథ చెప్పినప్పుడు అందులో పిల్లలకు ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కనిపించకుండా పోతున్నారు అన్నదే నా బాధ.

ప్రేమ్‌చంద్ 1932లో రాసిన హిందీ కథ 'ఠాకుర్ కా కువా' (ఠాకూర్ బావి) మీకు తెలిసే ఉంటుంది. జోఖూ జబ్బుపడి మంచం మీద ఉంటాడు. ఇంట్లో నీళ్ళు కంపు కొడుతుంటాయి, తాము తెచ్చుకునే బావిలో ఏ జంతువో పడి చచ్చి ఉంటుంది. ఊళ్ళో ఠాకూర్‌కి బావి ఉంది, షావుకారుకి బావి ఉంది, వాటి దగ్గరికి వీళ్ళని రానివ్వరు. రాత్రి పొద్దుపోయాక భార్య గంగి ఠాకూర్ బావికి వెళ్తుంది. కుండ దాదాపు చేతికి అందే సమయానికి ఠాకూర్ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. తాడు చేజారుతుంది. గంగి పరుగెత్తి ఇల్లు చేరేసరికి జోఖూ ఆ కంపు నీళ్ళే తాగుతూ ఉంటాడు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ కథను తెలుగులో చెప్పాను. గంగి చీకట్లో బావి గట్టు దాకా వచ్చేసరికి ముందు బెంచీల్లోంచి నాలుగైదు తలలు వెనక్కి తిరిగాయి. దళితుల పల్లె నుంచి వచ్చే ఇద్దరు ఆడపిల్లలు అక్కడ కూర్చుంటారు. ఎవరూ నోరెత్తి ఏమీ అనలేదు. ఆ ఇద్దరూ తల దించుకుని పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి మర్నాడు బడికి రాలేదు. ఆ కథ పూర్తయిందని తెలిశాకే వచ్చింది.

నేనూ మాదిగపల్లె నుంచి చదువుకుని వచ్చినదాన్నే కాబట్టి ఆ తల దించుకోవడం నాకు తెలుసు. అయితే వెనక్కి తిరిగి చూసిన పిల్లల మీద నాకు కోపం లేదు. మనం కథ చెప్పే పద్ధతే వాళ్ళ చూపును అటు తిప్పింది. ఇలాంటి కథ కింద మనం ఏ ప్రశ్నలు రాస్తామో ఒక్కసారి గుర్తుచేసుకోండి. గంగి ఎందుకు భయపడింది? జోఖూ మురికినీళ్ళు ఎందుకు తాగాడు? అంటరానితనం వల్ల కలిగే నష్టాలు రాయండి. మూడు ప్రశ్నలూ గంగి గుడిసె చుట్టూనే తిరుగుతాయి. ఠాకూర్ ఇంటి వైపు ఒక్క ప్రశ్న కూడా వెళ్ళదు. తలుపు చప్పుడుకే ఒక మనిషి తాడు వదిలేసి పారిపోయిందంటే ఆ ఇల్లు అంతకుముందు ఎంతమందిని ఏం చేసి ఉండాలి? ఆ బావి తవ్విన చేతులెవరివి? చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఇదంతా చూస్తూ ఏమనుకునేవారు? ఇవి అడగకపోతే పిల్లల బుర్రలో మిగిలేది ఒక్కటే: అంటరానితనం అనేది గంగికి పట్టిన జబ్బు, పాపం, జాలిపడాలి.

ప్రేమ్‌చంద్ ఆ ప్రశ్నలు వదిలిపెట్టలేదు. బావి దగ్గర నీడలో నక్కి కూర్చున్న గంగి మనసులో గొంతెత్తి అడుగుతుంది. వీళ్ళు దేనిలో మాకంటే ఎక్కువ? ఈ ఠాకూరేగా మొన్న గొర్రెల కాపరి గొర్రెను దొంగిలించింది? పంతులు గారింట్లో ఏడాది పొడుగునా జూదమేగా? షావుకారు నెయ్యిలో నూనె కలుపుతాడుగా? ఆ కథకు ప్రాణం అక్కడ ఉంది. భయపడుతూనే ఆలోచించే మనిషి గంగి, తన మీద పెత్తనం చేసేవాళ్ళను లోపలి దాకా చదివేసిన మనిషి. పేజీల కొరత వల్లో, ఎవరి మనసూ నొప్పించకూడదనో కథను కుదించి చెప్పినప్పుడు ముందు ఎగిరిపోయేవి ఈ వాక్యాలే. అవి పోయాక గంగి ఉత్త భయస్తురాలిగా మిగులుతుంది.

కథ చెప్పిన ఆ రోజు సాయంత్రం నేను తరగతి మొత్తానికి ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళ చిన్నప్పుడు మన ఊళ్ళో నీళ్ళు ఎవరు తోడేవారు, ఎవరికి పోసేవారు అని. మర్నాడు ముందు బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి లేచి, వాళ్ళ ఇంటిముందున్న బావి దగ్గర మాలమాదిగలు బిందెలు పెట్టుకుని నిలబడితే వాళ్ళ నాయనమ్మ పైనుంచి పోసేదట, పోయాలనిపించని రోజు పోసేది కాదట అని చెప్పాడు. చెప్తుంటే వాడి గొంతు మారిపోయింది. "నాయనమ్మ మంచిది టీచర్, కానీ అలా చేసింది" అన్నాడు. ఆ పిల్లాడు ఆ రోజు నేర్చుకున్నది ఏ నీతివాక్యమూ నేర్పలేదు. ప్రేమగా అన్నం కలిపి పెట్టే మనిషే ఇంకొకరి కడవను ముట్టుకోకుండా ఉండగలదని వాడికి అర్థమైంది. ఆ రోజు ఎవరూ వెనక బెంచీ వైపు తిరగలేదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఆ అబ్బాయి తండ్రి బడికి వచ్చారు. "పిల్లలకు కులాలు నేర్పుతున్నారా మీరు?" అని హెడ్మాస్టర్ గది ముందు గట్టిగా అడిగారు. హెడ్మాస్టర్ చెడ్డమనిషేమీ కాదు. నన్ను పిలిచి, "సిలబస్‌లో లేనిదాని జోలికెందుకమ్మా, అందరికీ టెన్షన్" అన్నారు. నేను ఆ కథ మీద మళ్ళీ చర్చ పెట్టకూడదని తేలింది.

ఇక్కడే నాకు మీతో పని పడింది. అలాంటి ప్రశ్న మీరు అచ్చువేసిన పుస్తకంలో, పాఠం కింద 'అవగాహన - ప్రతిస్పందన'లో ఉండి ఉంటే, నేను ఆ తండ్రికి పుస్తకం తెరిచి చూపించేదాన్ని. ఊళ్ళో ఉంటూ, ఆ ఊరి పెద్దల పిల్లలకే పాఠం చెప్పే టీచరుకు పుస్తకం ఇచ్చే అండ మీకు చిన్నదిగా కనిపించవచ్చు. మాకు అదొక్కటే అండ. పైగా ఆ టీచర్ది నాలాంటి కులమైతే, "మీవాళ్ళ గురించి మీరు చెప్పుకుంటున్నారు" అనే మాట సిద్ధంగా ఉంటుంది. పైకులంలో పుట్టిన టీచరైతే ఆ పాఠాన్ని తొందరగా దాటించేస్తారు, ఏం మాట్లాడితే ఏమవుతుందోనని. పుస్తకం ధైర్యం చేయకపోతే టీచరు చేయడం కష్టం.

కులాలు పిల్లలకు మేము నేర్పనక్కర్లేదు. ఊళ్ళో ఏ వీధి ఎవరిదో వాళ్ళకు నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. ఎవరింట్లో మంచినీళ్ళు తాగొచ్చో, ఎవరింటికి చెప్పులతో వెళ్ళకూడదో తెలుసు. కొత్త పిల్లాడు చేరితే పేరు తర్వాత అడిగేది ఇంటిపేరు. ఇంత తెలిసిన పిల్లల దగ్గర పుస్తకం మౌనంగా ఉంటే, ఇది మాట్లాడకూడని విషయమని, అంటే ఇలాగే సాగవలసిన విషయమని వాళ్ళు అర్థం చేసుకుంటారు.

ఇక కథల ఎంపిక గురించి.

కులం మీద మన దేశంలో బాగా పేరుపడ్డ కథలను, నవలలను వరసగా గుర్తుచేసుకుంటే ఒక విషయం నన్ను కలవరపెడుతుంది. దళిత పాత్ర చివరికి ఏమవుతుంది? ప్రేమ్‌చంద్ 'సద్గతి'లో దుఖీ కూతురి నిశ్చితార్థం ముహూర్తం కోసం పండితుడి ఇంటికి వెళ్ళి, ఆకలితో మొద్దు చీలుస్తూ చీలుస్తూ అక్కడే చచ్చిపోతాడు. 'కఫన్'లో బుధియా పురిటి నొప్పులతో చచ్చిపోతుంది, భర్తా మామా ఆమె శవం మీద కప్పే బట్ట (కఫన్) కోసం వచ్చిన డబ్బులతో తాగుతారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'లో కూలీల పక్షాన నిలబడ్డ సంగదాసు భూస్వామి చౌదరయ్య దెబ్బకు చచ్చిపోతాడు. అరుంధతీ రాయ్ 1997 నవల 'ద గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్'లో వెలుతను పోలీసులు కొట్టి చంపుతారు. ఇవి గొప్ప రచనలు, నేను కాదనను. జరిగేదాన్నే రాశారు కూడా. కానీ బళ్ళో పిల్లలకు మనం వరుసగా ఇవే ఇస్తూ పోతే, పల్లె నుంచి వచ్చిన పిల్లకు కథలో తన మనిషి అంటే దెబ్బలు తినేవాడు, చచ్చిపోయేవాడు. మిగతా పిల్లలకు ఆ చావు తమ మనసు కరిగించడానికి వచ్చిన సందర్భం. ఒక పాత్ర ఎవరి మనసో మెత్తబడటం కోసమే పుట్టి చావడం ఆ పాత్రకు కూడా అన్యాయమే.

చావున్న కథలో సైతం మనం చూడకుండా వదిలేసేవి ఉన్నాయి. 'సద్గతి'నే తీసుకోండి. దుఖీ చనిపోయాక ఒక గోండు మనిషి దుఖీ కులంవాళ్ళుండే చమార్ల వాడకు వెళ్ళి, శవాన్ని ఎత్తడానికి ఎవరూ వెళ్ళవద్దని, పోలీసు విచారణ జరగాలని చెప్తాడు. వాడ వాళ్ళు వెళ్ళరు. శవం పండితుడి ముంగిట్లో పడి ఉంటుంది. నీళ్ళకు వెళ్ళే దారి అదే, అగ్రహారం వాళ్ళంతా ఇబ్బంది పడతారు. చివరికి పండితుడే తెల్లవారకముందు శవం కాళ్ళకు తాడు ఉచ్చు వేసి ఊరి బయటికి ఈడ్చుకెళ్తాడు. 1981లో సత్యజిత్ రాయ్ దీన్ని సినిమాగా తీసినప్పుడు ఆ దృశ్యం చూసినవాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. ఈ కథ కింద "దుఖీ ఎందుకు చనిపోయాడు?" అని అడగడం సులువు. "వాడలోని వాళ్ళు శవాన్ని ఎత్తడానికి ఎందుకు నిరాకరించారు? ఆ నిర్ణయం తీసుకోవడానికి వాళ్ళకు ఏం ధైర్యం కావలసి వచ్చింది?" అని అడిగితే పిల్లలు మళ్ళీ కథలోకి వెళ్ళి వెతుక్కుంటారు.

'మాలపల్లి' గురించి ఇంకొంచెం చెప్పాలి. 1922లో, జైల్లో కూర్చుని, ఒక బ్రాహ్మణుడు తన నవలకు మాలపల్లి అని పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఉన్నవ గారు గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతన్ నడిపారు. ఆ నవలలో చౌదరయ్య సొంత కొడుకు రామానాయుడు సంగదాసుకు ప్రాణస్నేహితుడు. నా తరగతిలో ముందు బెంచీ పిల్లలకు ఈ వివరం చాలా అవసరం. చౌదరయ్య ఇంట్లో పుట్టినంత మాత్రాన చౌదరయ్యలా బతకాలని లేదని వాళ్ళకు చెప్పే పాత్ర అది. అదే నవలలో సంగదాసు తండ్రి రామదాసు మహా ఓర్పరి, వేదాంతి, ఎన్ని కష్టాలొచ్చినా కోపం రాని మనిషి. గౌరవం దక్కాలంటే దళితుడు ఋషిలాగే ఉండాలా అన్న ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లలు తప్పకుండా అడగగలరు. అడగనివ్వండి. ముల్క్‌రాజ్ ఆనంద్ 1935 నవల 'అన్‌టచబుల్'లో పాకీపని చేసే బఖా వీధిలో జిలేబీలు కొనుక్కుని నడుస్తూ పొరపాటున ఒకతనికి తగిలి చెంపదెబ్బ తింటాడు. ఆ చెంపదెబ్బ మనల్ని కదిలిస్తుంది. కానీ నవల చివర బఖా ముందు పరిష్కారాలుగా వచ్చి నిలబడేవి పాదిరీ మాట, గాంధీ ఉపన్యాసం, ఫ్లష్ మరుగుదొడ్డి గురించి ఒక కవి చెప్పే కబురు. ఈ మూడూ బయటినుంచి వచ్చినవే. బఖా తనంతట తాను ఏం చేయాలనుకున్నాడో మనకు తెలియదు.

ఆ పల్లెల నుంచే వచ్చి రాసినవాళ్ళ కథల్లో ఇది మారుతుంది. అక్కడ బాధ తక్కువని కాదు. చూసే కళ్ళు మారతాయి. జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం'లో రూతు తన ఇంటి తరాలను గుర్తుచేసుకుంటుంది. ఎల్లన్న ఆటలు, పాటలు, కరువు, వలస, మతం మారడం, పోరాటాలు, అన్నీ ఒక ఆడమనిషి జ్ఞాపకంలోంచి వస్తాయి. ఆ నవల చదివినవాళ్ళు పల్లెను చీకటి గుయ్యారంగా ఊహించుకోలేరు. అక్కడ కళ ఉంది, కళాకారులున్నారు. కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి'లో నీళ్ళు ముట్టుకోనివ్వని బావి చుట్టూ తిరుగుబాటు నడుస్తుంది. దాన్ని 'ఠాకుర్ కా కువా' పక్కన పెట్టి చదివించండి. ఒకే కొరత మీద ఇద్దరు రచయితలు, వేరు వేరు కాలాల్లో, వేరు వేరు చోట్ల నిలబడి రాసినవి. పిల్లలకు ఇంతకంటే మంచి సాహిత్య పాఠం ఉండదు. వేముల ఎల్లయ్య గారి 'కక్క', ఎండ్లూరి సుధాకర్ గారి 'మల్లెమొగ్గల గొడుగు', గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఎం.ఎం. వినోదిని గార్ల కథలు ఉన్నాయి. ఇందులో ముగ్గురు ఆడవాళ్ళున్నారని గమనించండి. ఊరు చూసే చూపునూ ఇంట్లో మగవాళ్ళ పెత్తనాన్నీ ఒకేసారి మోసే ఆడవాళ్ళ గురించి వాళ్ళు రాసినట్టు ఇంకెవరూ రాయలేదు.

ఈ రచనల నుంచి తీసుకునేటప్పుడు దయచేసి వాటి భాషను సరిచేయకండి. 'కక్క'ను అది పుట్టిన తెలంగాణ మాదిగ పలుకుబడిలోంచి తీసి శిష్టభాషలో పెడితే అందులో ఏమీ మిగలదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రబంధ పద్యం ఇచ్చి కింద అర్థాలు ఇస్తున్నాం కదా. ఈ మాటలకు కూడా అలాగే అర్థాలు ఇవ్వండి. పైగా ఆ అర్థాలు తరగతిలో కొందరికి ముందే తెలిసి ఉంటాయి. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్ల ఆ రోజు మిగతావాళ్ళకు అర్థం చెప్తుంది. ఒక పాఠం ఒక పిల్లకు అంతకంటే ఏం చేయగలదు?

ఇంకో విషయం, రచయిత పరిచయం. జాషువా గారి తండ్రి గొల్ల, తల్లి మాదిగ అని, ఆ రెండు కులాల మధ్య ఆయన నలిగిపోయారని మనం పిల్లలకు చెప్తాం. చెప్పాలి కూడా, ఆ పద్యాలు ఆ నలుగులాటలోంచే వచ్చాయి. మరి మిగతా కవుల పరిచయాల్లో కులం ఎందుకు ఉండదు? వాళ్ళు ఏ ఇంట్లో పుట్టారు, చదువు వాళ్ళకు ఎలా అందింది, వాళ్ళ కథల్లో ఇల్లు, వంటగది, పండగ ఎవరివి అన్నది కూడా సాహిత్య పాఠమే. లేకపోతే కులం ఉన్నది జాషువాకే అని, మిగతావాళ్ళు ఉత్త మనుషులని పిల్లలు నేర్చుకుంటారు. కులం పేరెత్తని కథలు వాచకంలో ఎన్నో ఉంటాయి. అగ్రహారం వీధి, పెద్ద మండువా లోగిలి, పాలేరు, పనిమనిషి అన్నీ ఉంటాయి. ఆ పాలేరుకు పేరుందా, అతను కథలో ఎన్ని మాటలు మాట్లాడాడు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు అని అడగండి. కొత్త పాఠం చేర్చనక్కర్లేదు, ఉన్న పాఠం కింద రెండు ప్రశ్నలు మారిస్తే చాలు.

దీన్ని రెండు పక్షాల కథగా మాత్రమే చూపినా సరిపోదు. నా తరగతిలో చాకలి, మంగలి పిల్లలున్నారు. వాళ్ళను కులవృత్తి పేరుతో ఏడిపించే పిల్లల్లో వాళ్ళకంటే ఒక్క మెట్టు పైన ఉన్నవాళ్ళే ఎక్కువ. మాదిగల మీద ఆధారపడి బతికే డక్కలివాళ్ళను మాదిగపల్లె వాళ్ళే ఎలా చూశారో మా పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. కులం మెట్లుమెట్లుగా ఉంటుందని, ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ కింద ఇంకొకడిని చూపించి ఊరడిస్తుందని అంబేడ్కర్ ఎంతో ముందే చెప్పారు. కథలకు ఈ సంక్లిష్టత చూపించే శక్తి ఉంది. మీరు దాన్ని వాడుకోవాలి.

కాలం గురించి కూడా జాగ్రత్తపడమని అడుగుతున్నాను. పాఠ్యపుస్తకాల భాషలో అంటరానితనం ఎప్పుడూ 'పూర్వం' ఉండేది. సంస్కర్తలు వచ్చారు, రాజ్యాంగం వచ్చింది, పదిహేడో అధికరణం దాన్ని రద్దు చేసింది, అయిపోయింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను వెంటాడి చంపారు. మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు నీళ్ళను పాడుచేయవద్దని అడ్డు చెప్పడంతో ఆ గొడవ మొదలైంది. అంటే గంగి కథ అచ్చయిన యాభై ఏళ్ళ తర్వాత కూడా గొడవ నీళ్ళ దగ్గరే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అక్కడ మొదలు సినిమాహాల్లో కాలు తగిలిందన్న తగాదా. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో దళిత స్త్రీ వండిన మధ్యాహ్న భోజనం పైకులాల పిల్లలు తినలేదు, ఆమె ఉద్యోగం పోయింది, దేశమంతా మాట్లాడాక తిరిగి ఇచ్చారు. ఆ పిల్లల వయసు నా పిల్లల వయసే. వాళ్ళ పుస్తకంలోనూ 'పూర్వం' అనే ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఇలాంటి రచనలు పెడితే గొడవలవుతాయని మీకు భయం ఉండవచ్చు. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు ఆనర్స్ సిలబస్ నుంచి మహాశ్వేతాదేవి కథ 'ద్రౌపది'ని, తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణి రచనలను తీసేసింది. 2004లో ప్రేమ్‌చంద్ నవల 'రంగభూమి' ప్రతులను దళిత సంఘం వాళ్ళే ఢిల్లీలో తగలబెట్టారు, అందులో తమ కులాన్ని ప్రస్తావించిన తీరు మీద కోపంతో. అంటే ఒత్తిడి రెండు వైపుల నుంచీ వస్తుంది. రెండూ ఒకటే అని నేను అనను. తీసేయమన్న అధికారం వేరు, తమను అలా రాశారని కడుపు మండినవాళ్ళ నిరసన వేరు. పుస్తకాన్ని తగలబెట్టడం నాకు ఇష్టం లేదు, అయినా వాళ్ళు లేవనెత్తిన ప్రశ్న తరగతి గదికి సంబంధించినదే. ఒక కులం పేరు తిట్టులా వినిపించే వాక్యాన్ని టీచరు నలుగురిలో పైకి చదివితే ఆ కులం పిల్ల ఏమవుతుంది? ఈ సంగతి కమిటీలో ముందే మాట్లాడుకోవాలి. అలాంటి వాక్యం ఉన్న పాఠానికి ఉపాధ్యాయుల కరదీపికలో ఒక పేజీ కేటాయించండి. ఎలా చదవాలి, ముందు ఏం చెప్పాలి, ఎవరిని లేపి చదివించకూడదు అన్నది రాయండి. ఇప్పుడు ప్రతి టీచరూ తనకు తోచినట్టు చేసుకుంటున్నారు. తోచనివాళ్ళు పాఠాన్ని గైడు నోట్సుగా చెప్పించేస్తున్నారు.

బామ గారి రచన ఒకటి ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి ఇంగ్లీషు ఉపవాచకంలో చేరింది. అందులో చిన్నప్పటి బామ బడి నుంచి ఇంటికి వస్తూ, వీధిలో ఒక పెద్దాయన వడల పొట్లాన్ని తాడు పట్టుకుని దూరంగా వేలాడదీసుకుని వెళ్తుంటే చూసి నవ్వుతుంది. ఇంట్లో అన్న చెప్తాడు, అది నవ్వే విషయం కాదని, ఆ పొట్లం భూస్వామిదని, తాకితే మైలపడుతుందని అలా పట్టుకున్నాడని. పిల్లకు కోపం వస్తుంది. చదువుకోమని అన్న చెప్తాడు. అంత చిన్న రచనలో నవ్వు ఉంది, కోపం ఉంది, ఇంట్లో మాట్లాడుకోవడం ఉంది, ముందుకు దారి ఉంది. ఎవరూ చావరు. ఇలాంటి రచన తెలుగు పిల్లలకు తమ ఊరి వీధిలోంచి, తమ మాటలో దొరకాలి.

హిందీ దళిత రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ 'జూఠన్' (ఎంగిలి)లో ఒక సంఘటన ఉంది. టీచరు ద్రోణాచార్యుడి పేదరికం గురించి కళ్ళు చెమర్చేలా చెప్తుంటాడు. పాలు లేక అశ్వత్థామకు పిండి కలిపిన నీళ్ళు పట్టారని. అప్పుడు తరగతిలో ఉన్న చిన్నప్పటి వాల్మీకి లేచి, మరి గంజి తాగే మా గురించి ఏ మహాకావ్యమూ ఎందుకు రాయలేదని అడుగుతాడు. టీచరు బెత్తం తీసుకుని వీపు మీద కొడుతూ, నీ ఒంటి మీద రాస్తాను కావ్యం అంటాడు. అది ఆయన చిన్ననాటి మాట. ఆ ప్రశ్న అడిగే పిల్లలు ఇప్పుడు నా తరగతిలో ఉన్నారు. వాళ్ళను నేను కొట్టను. కానీ వాళ్ళ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఉన్నది మీరు ఇచ్చిన పుస్తకమే.

కొత్త వాచకం ముసాయిదా తయారైనప్పుడు, అచ్చుకు వెళ్ళేముందు, కులం గురించిన పాఠాలను వేరువేరు ఊళ్ళలో కొన్ని తరగతుల్లో చదివించి చూడండి. కమిటీ సభ్యులు వెనక బెంచీలో కూర్చుని చూడండి. పాఠం చదువుతున్నప్పుడు ఎవరు ఎటు చూస్తున్నారో గమనించి, ప్రశ్నలు తిరిగి రాయండి. దళిత రచయితలను కమిటీలో పేరుకు ఒకరిని కూర్చోబెట్టకుండా, ప్రశ్నలు రాసే పనిలో, కరదీపిక రాసే పనిలో వాళ్ళు ఉండేలా చూడండి. మా బడిలో ఈ ప్రయత్నం చేయాలనుకుంటే నేను సిద్ధంగా ఉన్నాను. ఈ లేఖ ప్రతిని మీ కార్యాలయాలకు పోస్టులో పంపిస్తున్నాను, అందులో నా పేరు, బడి చిరునామా ఉన్నాయి. సెలవుల్లో పిలిచినా వస్తాను.

భవదీయురాలు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని